మ్యాచ్ మన ఊళ్లో ఉంటే పేపరంతా మ్యాచేనా?

చి. లావణ్యకు,

అమ్మ ఆశీస్సులు. విశాఖలో పెద్ద మ్యాచ్ ఉన్న వారమంతా మీ డెస్కు చూసే జిల్లా పేజీలను క్రికెట్‌తో నింపేయడం సబబేనా అని అడిగావు. ఆటకు ఎన్ని పేజీలిచ్చినా ఫర్వాలేదు తల్లీ, అవి అదనంగా వేసిన పేజీలైతే. కరెంటు కోతలు, కుళాయి నీళ్లు, కేజీహెచ్ పెద్దాసుపత్రి వార్తలు, రైతుబజారు ధరలు పీకేసి ఆ జాగాలో స్టేడియం ఫొటోలు వేస్తే మాత్రం నేను ఒప్పుకోను. పీఎం పాలెం స్టేడియంలో పట్టేది ఇరవై ఏడు వేల చిల్లర మంది. 2011 లెక్కల్లోనే నగర జనాభా పదిహేడు లక్షలు దాటింది.

అదనపు పేజీల్లోనూ ఒక చిక్కుంది. మినీలో, అంటే చిన్న సైజు జిల్లా అనుబంధంలో, పేజీలు ఒకటీ రెండూ పెరగవు, నాలుగేసి పెరుగుతాయి. చేతిలో రెండున్నర పేజీల సరుకే ఉంటే, మిగతా పేజీన్నర ముఖాలకు రంగులు పూసుకున్న అభిమానుల ఫొటోలతో నిండుతుంది. పాఠకుడికి విసుగు పుట్టేది అక్కడే. అందుకే ముందు రోజు మధ్యాహ్నమే డమ్మీ (పేజీ నమూనా) వేసుకుని, ఏ వార్తకు ఎన్ని కాలమ్ సెంటీమీటర్లో రాసుకో. నాలుగు పేజీలు నిండవనిపిస్తే ఉన్న పేజీల్లోనే సర్దు.

పేజీలకన్నా ముందు కొరత వచ్చేది మనుషులకు. ఆరుగురు రిపోర్టర్లలో నలుగురు స్టేడియం దగ్గరే ఉంటే కలెక్టరేట్, నగరపాలక సంస్థ (జీవీఎంసీ), పోలీసు, ఆసుపత్రి బీట్లు ఆ రోజుకు ఖాళీ. ప్రెస్ బాక్సులో ఒకరు, గేట్ల బయట ఒకరు చాలు.

2025 మహిళల ప్రపంచకప్‌నే తీసుకో. విశాఖలో ఐదు మ్యాచ్‌లు: అక్టోబరు 9, 12, 13, 16, 26. భారత్ ఆడింది మొదటి రెండే. ఐదింటికీ ఒకే కొలత పెట్టకూడదు. దక్షిణాఫ్రికా–బంగ్లాదేశ్ మ్యాచ్‌కు క్రీడాపేజీలో ప్రధాన వార్తగా ఇచ్చి, జిల్లా పేజీలో ఒక్క ఫొటో వేస్తే సరిపోతుంది.

అసలు కష్టం డెడ్‌లైన్‌ది. పాడేరు వైపు వెళ్లే డాక్ ఎడిషన్, అంటే దూరపు ఊళ్లకు ముందుగా అచ్చయ్యే ప్రతి, మ్యాచ్ ముగిసేదాకా ఆగదు. 9వ తేదీన మనవాళ్లు 251 కొట్టి, దక్షిణాఫ్రికావి 81 పరుగులకే ఐదు వికెట్లు తీశారు. ఆ సమయంలో ఏ డెస్కులోనైనా చెయ్యి ‘విజయం దిశగా’ అని కొట్టడానికే పోతుంది. నదీన్ డిక్లెర్క్ 54 బంతుల్లో 84 కొట్టి నాటౌట్‌గా నిలిచి మ్యాచ్ లాగేసుకుంది. 12న 330 కొట్టిన రోజూ అంతే. అలీసా హీలీ 142 చేయడంతో ఆస్ట్రేలియా ఇంకో ఓవరు ఉండగానే గెలిచింది. అందుకే డాక్‌లో జరిగిపోయింది మాత్రమే రాయి: మనవాళ్ల స్కోరు, ఎవరెంత కొట్టారు, పేజీ అచ్చుకు పంపేసరికి ఎన్ని ఓవర్లు అయ్యాయి. జరగబోయేది రాయొద్దు.

తర్వాత అచ్చయ్యే సిటీ ఎడిషన్‌కు పేజీ మార్చేటప్పుడు పని తేలికవ్వాలంటే శీర్షిక నలుపులోనే పెట్టు, రంగు పట్టీ మీద తెల్లక్షరాలు వద్దు. మారేది నల్లక్షరాలే అయితే ఒక్క నల్ల రంగు అచ్చు ప్లేటు దించి కొత్తది ఎక్కిస్తే అయిపోతుంది. రంగు ఫొటో మారిస్తే నాలుగు రంగుల ప్లేట్లూ మార్చాలి, మిషన్ ఎక్కువసేపు ఆగుతుంది, కట్టలు ఆలస్యమవుతాయి. డాక్ వార్తా, సిటీ వార్తా ఒకే కొలతలో ఉండేలా ముందే చూసుకో.

మ్యాచ్ రోజు పొద్దున జిల్లా మొదటి పేజీలో పైన ఉండాల్సింది ట్రాఫిక్ మళ్లింపు. స్టేడియం ఉన్నదే జాతీయ రహదారి 16 మీద. విజయనగరం, శ్రీకాకుళం నుంచి కేజీహెచ్‌కు వచ్చే అంబులెన్సు అటే రావాలి. కాబట్టి ఆ వార్త మన ఎడిషన్‌లో వేసి ఊరుకోవద్దు, ఆ రెండు జిల్లాల డెస్కులకూ ఫోన్ చేసి పంపు. ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, ఆనందపురం దగ్గర ఏ వాహనాలను పెందుర్తి రోడ్డుకు మళ్లిస్తున్నారు, బస్సులు ఎక్కడ ఆపుతారు, చిన్న మ్యాపు. ‘ప్రయాణికులు సహకరించాలి’ అనే వాక్యం కొట్టేసి ఆ జాగాలో సమయాలు వెయ్యి.

స్పాన్సర్లు ఇచ్చే ప్రత్యేక పేజీల మీద ‘ప్రకటన’ అని కనపడేంత అక్షరాల్లో ఉండాలి. దీని మీద యాడ్స్ వాళ్లతో పేచీ వస్తే రానీ.

ఇక నాకు నిజంగా పేజీలు కావాలనిపించే చోటు వేరే ఉంది. 12వ తేదీన స్టేడియంలో మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లతో స్టాండ్లు ఆవిష్కరించారు. అదే రోజు కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి మూడు వికెట్లు తీసింది. ఇవి మన ఎడిషన్లు మాత్రమే లోతుగా రాయగల వార్తలు. మన జిల్లాలో అమ్మాయిలు ఎక్కడ ప్రాక్టీసు చేస్తున్నారు, టర్ఫ్ వికెట్ (మట్టి, గడ్డి పిచ్) ఎన్నిచోట్ల ఉంది, మహిళా కోచ్ ఉందా, గ్రౌండులో మరుగుదొడ్డికి తలుపుందా? వీటికి అరపేజీ ఇవ్వు, అదీ మ్యాచ్‌కు వారం ముందు. మ్యాచ్ రోజు వేస్తే స్కోరుబోర్డు గోలలో ఎవరి కంటా పడదు.

కప్పు గెలిచాక శ్రీచరణికి ప్రభుత్వం రెండున్నర కోట్లు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఇలాంటి ప్రకటన ఏదొచ్చినా డెస్కు డైరీలో ఆరు నెలల తర్వాతి తేదీ మీద రాసిపెట్టు. ఆ రోజు రిపోర్టరును పంపి ఏమేం అందాయో కనుక్కో. అందితే సింగిల్ కాలమ్ చాలు, అందకపోతే మొదటి పేజీకి పంపు.

రాత్రి డ్యూటీ వారంలో అన్నం వేళకు తిను.

అమ్మ