హబుల్ దర్శన సమయాలనూ ప్రచురించండి

సంపాదకులకు,

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా వెళ్లే వేళలు పత్రికల్లో అప్పుడప్పుడు వస్తున్నాయి గానీ, 1990లో ప్రయోగించిన హబుల్ టెలిస్కోపు ఊసు ఎక్కడా కనబడదు. దాని కక్ష్య భూమధ్యరేఖకు 28.5 డిగ్రీల వాలులో ఉన్నందున మాస్కో వాసులకు అది దిగంతం పైకే రాదు, సుమారు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్న అనంతపురానికి మాత్రం ఒక్కోసారి నడినెత్తి మీదుగానే సాగిపోతుంది. వాన కరవైన మా జిల్లాకు నిర్మలాకాశమైనా దక్కింది కదా!

చీకటి పడిన తొలి గంటలోనో, తెల్లవారుజామునో పడమటి దిక్కున రెప్పలార్పని చుక్కలా కనిపించి, ఐదారు నిమిషాల్లో తూర్పు వైపుకు సాగే ఆ వెలుగుకు బైనాక్యులర్ అక్కరలేదు. విమానంలా ఎర్ర దీపం మినుకుమనదు. సాయంత్రపు దర్శనంలో, భూమి నీడలోకి ప్రవేశించగానే నడి ఆకాశంలోనే మసకబారి మాయమవుతుంది.

అయితే పాత లెక్కలు పనికిరావు. సుమారు 600 కిలోమీటర్ల ఎత్తున మొదలైన ఆ కక్ష్య పలుచని గాలి రాపిడికి క్రమంగా దిగజారుతోంది. సూర్యుడు ఉగ్రంగా ఉన్న ఏడాదుల్లో ఈ రాపిడి మరింత పెరుగుతుంది కనుక, వారాల కిందటి కక్ష్యా వివరాలతో వేసిన సమయం తప్పిపోవచ్చు. అందుచేత ఏ రోజుకారోజు తాజా వివరాలతో లెక్కించి, అనంతపురం, కడప, కర్నూలుకు విడివిడిగా వేళను, దిక్కును, దిగంతం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తుందో ఆ వివరాన్ని వాతావరణ సమాచారం పక్కనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, అనంతపురం