ర్యాంకులు ఇవ్వండి, లెక్క కూడా చెప్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో ఈ ఏడాది ప్రపంచంలో మేటి మహిళా రెజ్లర్లు అంటూ పది మందికి ర్యాంకులు ఇచ్చారు. టీవీలో వచ్చే ఆడవాళ్ల రెజ్లింగ్‌కు ఒక తెలుగు పత్రిక పూర్తి పేజీ ఇవ్వడం నాకు చాలా సంతోషంగా అనిపించింది. సోమవారం పొద్దున మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి తెచ్చింది. "మేడం, ఈమెకు ఆరో నంబరు ఎందుకిచ్చారు? ఏడో నంబరు ఆమె కంటే ఈమె ఏం ఎక్కువ చేసింది?" అని అడిగింది. జవాబు కోసం పేజీ మొత్తం చదివాను. ఎవరి దగ్గర ఏ బెల్టు, అంటే ఏ ఛాంపియన్ టైటిల్ ఉంది, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరిని ఎంతమంది ఫాలో అవుతున్నారు, ఎవరు ఎవరిని పెళ్లి చేసుకున్నారు, అన్నీ ఉన్నాయి. ఏడాదిలో ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, ఎవరి మీద ఆడారు, ఎలా ఆడారు అన్నది మాత్రం ఎక్కడా లేదు. ఆ పిల్లకు నేనేం చెప్పను?

నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పీఈటీని. రెజ్లింగ్ పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. వేసవి సెలవుల్లో మా తమ్ముడూ నేనూ అరుగు మీద కూర్చుని రెజ్లింగ్ ట్రంప్ కార్డులు ఆడేవాళ్లం. ఎత్తు, బరువు, ఛాతీ, ఎన్ని ఫైట్లు చేశాడు, ఎన్ని గెలిచాడు, ర్యాంకు ఎంత, అన్నీ కార్డు మీద అచ్చయి ఉండేవి. ఒకటో ర్యాంకు కార్డు చేతికొస్తే ఇక ఆ రోజు పండగే. మా కట్టలో ఆడవాళ్ల కార్డు ఒక్కటీ ఉన్నట్టు గుర్తు లేదు. అందుకే మీ పేజీ తెరిచినప్పుడు మొదట నాకు ఆ కార్డులే గుర్తొచ్చాయి. చదివాక బాధ కలిగింది. ఆ పాత కార్డు మీద కనీసం ఎన్ని ఫైట్లు చేశాడన్న గడైనా ఉండేది.

మీ పాఠకుల్లో చాలామంది "అదంతా యాక్టింగే కదా, దానికి ర్యాంకులేంటి" అంటారని నాకు తెలుసు. గెలుపోటములు ముందే అనుకుని ఆడతారన్నది నిజమే. సాక్షి మలిక్, వినేశ్ ఫొగాట్ పట్టిన కుస్తీ వేరు, ఇది వేరు. కానీ మన ఊళ్లలో పద్య నాటకం చూసేవాళ్లకు రాయబారం ఫలించదని తెలియదా? తెలిసే వెళ్తారు. కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే వన్స్ మోర్ కొడతారు. చివరికి ఓడిపోయే దుర్యోధనుడి వేషం బాగా కట్టినవాడి పేరు ఇరవై ఏళ్లయినా ఊళ్లో చెప్పుకుంటారు. అక్కడ ఎవరు గెలిచారని ఎవరూ చూడరు, ఎవరు ఎలా చేశారని చూస్తారు. రెజ్లింగ్‌లోనూ అంతే. బెల్టు ఎవరికివ్వాలో ఆ షోలు నడిపే కంపెనీ తేలుస్తుంది. మ్యాచ్ బాగుండటం మాత్రం ఆ ఇద్దరమ్మాయిల చేతుల్లోనే ఉంటుంది. కాబట్టి బెల్టును బట్టి ర్యాంకు ఇస్తే మనం కంపెనీ నిర్ణయానికి ర్యాంకు ఇస్తున్నట్టు, ఆమె కష్టానికి కాదు.

2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగింది. తమ్ముడితో కలిసి నేనూ వెళ్లాను. జనమంతా జాన్ సీనా కోసమే వచ్చారు, అందులో తప్పేం లేదు. మధ్యలో రియా రిప్లీ, నటాలియా మ్యాచ్. టైటిల్ రియాది, గెలిచిందీ రియానే. నా కళ్లు మాత్రం నటాలియా మీదే ఉన్నాయి. ఎత్తి పడేసిన ప్రతిసారీ ఆమె గడ్డాన్ని ఛాతీకి ఆనించేది, రెండు చేతులూ చాచి అరచేతులతో మ్యాట్‌ను ఒక్కసారిగా చరిచేది. వెన్ను మొత్తం ఒకేసారి నేలకు తగలాలి, తల మాత్రం తగలకూడదు. పై వరసలో కూర్చున్న మాకు కూడా ఆ చప్పుడు వినిపించింది. మా పిల్లలకు చాప మీద వెనక్కి దొర్లడం నేర్పడానికే నాకు రెండు వారాలు పడుతుంది. గడ్డం లోపలికి, గడ్డం లోపలికి అని గొంతు పోయేలా అరుస్తాను. ఆమె ఆ పనిని పదిహేనేళ్లకు పైగా ఊరూరా తిరిగి చేస్తోంది. డబ్ల్యూడబ్ల్యూఈలో ఎక్కువ మ్యాచ్‌లు ఆడిన మహిళగా గిన్నిస్ రికార్డు కూడా నటాలియాదే. ఆ రోజు రియా అంత బలంగా కనిపించిందంటే అందులో సగం నటాలియా పడిన తీరు వల్లే. మీ జాబితాలో అలాంటివాళ్లు ఒక్కరూ లేరు.

ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నవాళ్లున్నారు. అమెరికాలో ప్రో రెజ్లింగ్ ఇలస్ట్రేటెడ్ అనే పత్రిక 1991 నుంచి ఏటా 500 మందికి ర్యాంకులు ఇస్తోంది. ఆడవాళ్లకు విడిగా జాబితా మొదలుపెట్టింది మాత్రం 2008లో. అప్పుడు 50 మందే, మొదటి స్థానం ఆసమ్ కాంగ్‌ది. 2018కి అది 100 అయింది, 2021లో 150, 2023లో 250. ఏడాదంటే ఏ నెల నుంచి ఏ నెల దాకానో చెప్తారు, దేన్ని చూసి ర్యాంకు ఇస్తారో కూడా రాస్తారు. ఆ జాబితాతోనూ నాకు పేచీ ఉంది. 2018లో రోండా రౌజీకి ఒకటో ర్యాంకు ఇచ్చారు. ఆమె తొలి మ్యాచ్ ఆడింది ఆ ఏడాది ఏప్రిల్‌లో, టైటిల్ గెలిచింది ఆగస్టులో. ఒలింపిక్ జూడో పతకం ఉన్న మనిషి, కొత్తగా వచ్చి బాగా ఆడింది, కాదనను. కానీ ఏడాది పొడవునా వారం వారం ఆడినవాళ్ల కంటే పైన పెట్టడం నాకు నచ్చలేదు. నచ్చలేదని అంత గట్టిగా ఎలా చెప్పగలుగుతున్నానంటే, వాళ్లు లెక్క బయటపెట్టారు కాబట్టే. మీ జాబితాతో వాదించడానికి కూడా నాకు అవకాశం లేదు.

అదే పత్రిక 2020లో బేలీకి ఇచ్చిన ఒకటో ర్యాంకును మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను. కరోనా వల్ల హాల్లో ఒక్క మనిషి లేడు. చప్పట్లు లేవు, ఈల లేదు. పద్యం పాడేవాడికి ముందు జనం లేకపోతే ఎలా ఉంటుందో ఊహించండి. ఆమె ఆ ఖాళీ కుర్చీల ముందు నెలల తరబడి ఆడింది, 380 రోజులు టైటిల్ నిలబెట్టుకుంది. 2023లో ఒకటో ర్యాంకు రియా రిప్లీది. ఆ ఏడాది జనవరిలో, ఒకరి తర్వాత ఒకరు బరిలోకి దిగే రాయల్ రంబుల్ పోటీలో మొట్టమొదట దిగి, గంటకు పైగా లోపలే ఉండి గెలిచింది. పని అంటే ఇది. 2022లో ఆ స్థానం జపాన్ అమ్మాయి షురికి దక్కింది. మీ పది మందిలో జపాన్‌లో ఆడేవాళ్లు ఒక్కరూ లేరు. ప్రపంచంలో మేటి అని శీర్షిక పెట్టి ఒకే కంపెనీ అమ్మాయిలను రాస్తే ఎలా? జపాన్‌లో టోక్యో స్పోర్ట్స్ పత్రిక ఏటా మహిళా రెజ్లింగ్‌కు బహుమతి ఇస్తుంది. తగినవాళ్లు లేరనుకున్న సంవత్సరాల్లో ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలేసింది కూడా. పట్టింపు అంటే అలా ఉండాలి.

ఇంకో మాట. 2015 ఫిబ్రవరిలో అమెరికా టీవీలో నలుగురు ఆడవాళ్లు ఇద్దరిద్దరు జట్టుగా ఆడిన ట్యాగ్ మ్యాచ్ అర నిమిషంలో ముగిసిపోయింది. అది చూసి అభిమానులు సోషల్ మీడియాలో గట్టిగా గొడవ చేశారు, అవకాశం ఇవ్వండని అడిగారు. అదే ఏడాది అక్టోబరులో సాషా బ్యాంక్స్, బేలీ ఇద్దరూ 30 నిమిషాల మ్యాచ్ ఆడారు, ఆ రాత్రి చివరి మ్యాచ్ అదే. 2019లో డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా జరిపే పెద్ద షో రెజిల్‌మేనియాలో చివరి మ్యాచ్ కూడా ఆడవాళ్లదే అయింది. అందుకే ఎన్ని మ్యాచ్‌లు, ఎంతసేపు అని నేను పట్టుబడుతున్నాను. వీళ్లు పోరాడి సంపాదించుకున్నది ఆ నిమిషాలే.

ఒళ్లు కూడా ఖర్చవుతుంది. పేజ్ అనే రెజ్లర్‌కు ఆ అమెరికా పత్రిక జాబితాలో 2014లో ఒకటో ర్యాంకు. నాలుగేళ్లకే, పాతికేళ్ల వయసులో, మెడ గాయంతో ఆట మానేస్తున్నట్టు చెప్పాల్సి వచ్చింది. చాలా ఏళ్లకు గానీ మళ్లీ బరిలోకి రాలేదు. బెకీ లించ్ ముక్కు పగిలి మొహమంతా రక్తంతో నిలబడిన ఫొటో ప్రపంచమంతా చూసింది. మీరు ఆమెకు వేసిన ఫొటో ఏదో ఫంక్షన్‌లో గౌను వేసుకున్నది.

మా పిల్లలకు నేను చెప్పే పేరు కవితా దేవి. హరియాణా ఆవిడ, వెయిట్‌లిఫ్టర్‌గా దక్షిణాసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, తర్వాత గ్రేట్ ఖలీ దగ్గర నేర్చుకుంది. 2017లో మే యంగ్ క్లాసిక్ అనే డబ్ల్యూడబ్ల్యూఈ మహిళల టోర్నీలో సల్వార్ కమీజ్‌తో బరిలోకి దిగింది. మొదటి రౌండ్‌లోనే డకోటా కాయ్ చేతిలో ఓడిపోయింది. గెలుపు ఒక్కటే చూసే జాబితాలో ఆమెకు చోటు ఉండదు. మా తొమ్మిదో తరగతి పిల్ల ఆ వీడియో మాత్రం నా ఫోన్‌లో నాలుగుసార్లు చూసింది.

కాబట్టి నా విన్నపం. వచ్చే ఏడాది కూడా ఈ పేజీ తప్పకుండా వేయండి, మానొద్దు. ప్రతి పేరు పక్కన ఆ ఏడాది ఆడిన మ్యాచ్‌ల సంఖ్య, అందులో మీకు బాగా నచ్చిన ఒక మ్యాచ్, ఎందుకు నచ్చిందో రెండు వాక్యాలు రాయండి. ఓడిపోతూ కూడా మ్యాచ్‌ను నిలబెట్టిన ఒకరికి చోటివ్వండి. ఏ నెల నుంచి ఏ నెల వరకు చూశారో పైన వేయండి. ఫాలోవర్ల సంఖ్య తీసేయండి. ఫొటో మాత్రం రింగులో తీసిందే పెట్టండి.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు,
ఖమ్మం జిల్లా