మూడున్నర శాతం లెక్క చెప్పి పిల్లలకు ఆశ పెట్టొద్దు

సంపాదకుడు గారికి,

శ్రీలంక, బంగ్లాదేశ్, నేపాల్ ప్రభుత్వాలు ఎలా కూలాయో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి రెండు వారాలైంది. చదివి పక్కన పెట్టేశాను. మొన్న రాత్రి ఇంటర్ చదివే మా మనవడు ఆ పేజీ ఫోన్‌లో చూపించి, "తాతా, జనాభాలో మూడున్నర శాతం రోడ్డెక్కితే చాలంట, ఎట్లాంటి గవర్నమెంటైనా దిగిపోవాల్సిందేనంట" అన్నాడు. వాడి సంబరం చూశాక నాకు నిద్ర పట్టలేదు.

1900 నుంచి 2006 వరకు జరిగిన ఉద్యమాలను పరిశీలించి అమెరికా పరిశోధకులు చెప్పిన లెక్క అది. బహ్రెయిన్ ఆ లెక్కకు లొంగలేదని తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు. మీ వ్యాసకర్త ఆ ముక్క ఎందుకు రాయలేదు? 2011 ఫిబ్రవరిలో అక్కడ జనాభా సుమారు 12 లక్షలు. అందులో సగం మంది మన కడప, రాయచోటి నుంచి పోయినవాళ్ల లాంటి వలస కూలీలు. అయినా లక్ష మందికి పైగా వీధుల్లోకి వచ్చారని అంచనా. మూడున్నర ఎక్కడ, ఇదెక్కడ? రాజు మాత్రం కదల్లేదు. మార్చి 14న సముద్రం మీది వంతెన దాటి సౌదీ బలగాలు వచ్చాయి. అక్కడి పోలీసుల్లో చాలామందిని పాకిస్తాన్ లాంటి దేశాల నుంచి తెచ్చి పెట్టుకున్నారు. ఎదురుగా నిలబడ్డ గుంపులో వాళ్ల తమ్ముడు లేడు, పక్కింటి పిల్లోడు లేడు.

బంగ్లాదేశ్ సంగతే చూడండి. 2024 జూలైలో అక్కడ వందల మందిని కాల్చి చంపారు. ఆగస్టు సగం దాకా జరిగిన చావులు 1,400 వరకు ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. జూలైలో అంత రక్తం పారినా ప్రధాని హసీనా కుర్చీ కదల్లేదు. ఆగస్టు 4 రాత్రి, కర్ఫ్యూ అమలు కోసం జనం మీద కాల్పులు జరపకూడదని సైన్యం పెద్దలు నిర్ణయించుకున్నారు. మర్నాడు ఆమె దేశం విడిచి మన దేశానికి వచ్చేశారు. ఆ సైన్యాధిపతి ఆమెకు పెళ్లి సంబంధంతో చుట్టం కూడా. రెండు రోజుల్లో జనం ఏమన్నా రెట్టింపయ్యారా? ఆజ్ఞ పాటించాల్సినవాడు పాటించలేదు, అంతే.

నేను 34 ఏళ్లు ట్రెజరీలో పనిచేశాను. అందుకే ఎక్కడ ఏ ప్రభుత్వం పడిందన్నా ముందు జీతాల సంగతి చూస్తాను. సిరియాలో 2011లో జనం తిరగబడితే అస్సాద్ 13 ఏళ్లు నెట్టుకొచ్చాడు. సైన్యంలో పెద్ద పదవులు ఎక్కువగా ఆయన అలవీ వర్గం వాళ్లవే. ఆయన పోతే తామూ పోతామని వాళ్ల భయం. పైగా ఇరాన్ అండ, 2015 నుంచి రష్యా విమానాలు. చివరికి 2024 డిసెంబరులో ఆ సైనికులే చాలీచాలని జీతంతో విసిగి యూనిఫాం విప్పేసి ఇళ్లకు పోయారు. జీతం 50 శాతం పెంచుతూ ఆయన డిసెంబరు 4న ఉత్తర్వు ఇచ్చాడు. ఎనిమిదో తేదీకి దేశంలో లేడు.

నా మొదటి పోస్టింగ్ కోవెలకుంట్ల సబ్ ట్రెజరీ. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దాడి చేసింది ఆ ఊరి ఖజానా మీదే. ఊళ్లకు ఊళ్లు ఆయన వెనక నడిచాయి. కానీ కంపెనీ సైన్యం మొత్తం జీతం ఆ ఒక్క పెట్టెలో లేదు. 1847 ఫిబ్రవరి 22న అదే ఊళ్లో ఆయన్ని ఉరి తీశారు. పదేళ్ల తర్వాత సిపాయిలే ఎదురు తిరిగారు. యుద్ధంలో ఓడిపోయారు గానీ, 1858లో కంపెనీ పాలన పోయింది.

అంత దూరం ఎందుకు, 2013 మర్చిపోయారా? జూలై 30న రాష్ట్ర విభజన నిర్ణయం వచ్చింది, ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి మేం సమ్మెలోకి దిగాం. 66 రోజులు. అనంతపురం ట్రెజరీకి తాళం వేసిన చేతుల్లో నా చెయ్యీ ఉంది. టవర్‌క్లాక్ దగ్గర రోడ్డు మీదే వంటావార్పు పెట్టాం. ఒకరోజు బందోబస్తుకొచ్చిన కానిస్టేబుల్ లాఠీ పక్కన పెట్టి మా బంతిలోనే కూర్చున్నాడు. విస్తరిలో చిత్రాన్నం వడ్డిస్తుంటే "మా అమ్మ గూడా వచ్చింది సార్, ఆడ కూచుండాది" అని చూపించాడు. పోలీసు మావాడే, గుమస్తా మావాడే, టీచరు మావాడే. రెండు నెలలు జీతం లేక మా ఇంటామె గాజులు కుదువ పెట్టింది. ఒక్కమాట అనలేదు. మూడున్నర శాతం ఏం ఖర్మ, సీమలో ఇంటికొకరు బయటికొచ్చారు.

ఏమైంది? 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో బిల్లు పాసైంది. మేం అనంతపురం ఖజానాకు తాళం వేస్తే ఢిల్లీలో ఒక్క చెక్కు కూడా ఆగలేదు. నష్టపోయింది మా పింఛనుదారులు, మా బడి పిల్లలు. ఆ తర్వాత ఓటు చేతికొచ్చాక, మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. మీ వ్యాసంలో కొలంబో ఉంది, ఖాట్మండు ఉంది, మీ పాఠకులు కడుపు మాడ్చుకుని చేసిన ఈ సమ్మె ఒక్క వాక్యంలో కూడా లేదు. పత్రికల్లో ఊరి జ్ఞాపకం ఇంతగా పోయిందా అని బాధేసింది.

ఇంకో మాట. రుమేనియా నియంత చౌసెస్కూ 1989 డిసెంబరు 21న తానే సభ పిలిపించాడు. జనం జేజేలు కొడతారనుకున్నాడు. కేకలేసి ఎగతాళి చేశారు, మర్నాడే పారిపోవాల్సి వచ్చింది. జనం మనసు ఎట్లా ఉందో ఆయనకు చెప్పినవాడు లేడు, చెప్పే ధైర్యం ఎవరికీ మిగల్చలేదు. మన దగ్గర మాత్రం ఎవరు చెబుతున్నారు? మా కాలనీలో మురికికాలువ పొంగి ఇళ్లలోకి వస్తోందని మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మూడుసార్లూ "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. నిన్న కూడా ఇటుకలు పరుచుకుని వాటి మీద అడుగులేసి గేటు దాటాను. మూడో అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోతే, కంప్యూటర్ ముందున్న అబ్బాయి తలెత్తకుండా "క్లోజ్ అయిపోయింది సార్" అన్నాడు. పైవాళ్లు అడిగితే చూపించడానికి అంతా పరిష్కారమైనట్టే ఉంటుంది. ఇట్లాంటి కాగితాలు చదివి పాలించేవాళ్లకు జనం కోపం ఎప్పుడు ముదిరిందో ఎట్లా తెలుస్తుంది? మేం ఉద్యోగంలో ఉన్నప్పుడు తప్పుడు లెక్క రాస్తే మెమో ఇచ్చేవాళ్లు.

అయ్యా, నేను ఉద్యమాలకు వ్యతిరేకిని కాను. అన్యాయం జరిగితే ఈ వయసులోనూ టవర్‌క్లాక్ దగ్గరికి వస్తాను. నా బాధల్లా పిల్లల గురించే. నేపాల్‌లో 2025 సెప్టెంబరు 8న, మొదటి రోజే 19 మంది చనిపోయారు. కాలేజీ యూనిఫాంలో వచ్చిన పిల్లలు ఆ గుంపుల్లో ఉన్నారు. మర్నాడు ప్రధాని ఓలి రాజీనామా చేశారు. మీ వ్యాసంలో రాజీనామాకు పెద్ద శీర్షిక పెట్టి, 19 మందిని సగం లైనులో ముగించారు. ఆ పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో, తుపాకీ ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఆగలేదో కూడా రాయించండి. బహ్రెయిన్ గురించి రాయించండి, మన 66 రోజుల గురించి రాయించండి. మా మనవడు మీ పత్రిక రోజూ చదువుతాడు.

ఇట్లు,
విశ్రాంత ట్రెజరీ ఉద్యోగి,
అనంతపురం