పెదవి మీద అదమకు

బుజ్జీ,

ఆదివారం నువ్వు ఫోన్లో ఏడుస్తుంటే ఏమనాలో తోచలేదు, అందుకే రాస్తున్నాను. ఆ రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ అయిదో సింఫనీ రెండో భాగంలో హార్న్ ఒక్కటే ముందుకొచ్చి పాడే సోలో నీకిచ్చారని మీ అమ్మ వీధంతా చెప్పేసింది. రిహార్సల్లో మొదటి స్వరమే చిట్లిందా? చిట్లనీ. ఆ సింఫనీ మొదటిసారి వినిపించిన 1888 నుంచీ ఆ చోట ఎంతమందికి చిట్లిందో!

నా ట్రంపెట్ గొట్టం చాపితే అయిదడుగులు కూడా ఉండదు, నీ ఎఫ్ హార్న్‌ది దాదాపు 12 అడుగులు. అంత పొడవు గొట్టంలో పై స్వరాలు పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి కాబట్టి పెదవి వెంట్రుకవాసి తప్పితే పక్కదానిలోకి జారిపోతుందని నువ్వే చెప్పావుగా. మరి అదంతా నీ చేతగానితనం ఎలా అవుతుంది?

ఒకటి మాత్రం నిజం చెప్పు. టెన్షన్‌లో మౌత్‌పీస్‌ని పెదవికేసి అదుముతున్నావా? నేను పెళ్ళి బ్యాండులో ఇరవై ఏళ్ళు అదే చేశాను. డ్రమ్ముల మోత, జనరేటర్ చప్పుడు దాటి వినపడాలని అదిమి అదిమి ఊదితే తెల్లారేసరికి పై పెదవి వాచిపోయి టీ గ్లాసు ఆనించలేకపోయేవాణ్ణి. మా మాస్టరు ఇంకా గట్టిగా ఊదమనేవాడే తప్ప ఆ పెదవికేసి చూసిన పాపాన పోలేదు (ఆ కోపం నాకింకా పోలేదు). చివరికి పై స్థాయి అందడమే మానేసింది.

ఒకసారి అంతర్వేదిలో పెళ్ళి అయ్యాక సఖినేటిపల్లి రేవులో పంటు కోసం కూర్చున్నాం. ఇంకా చీకటే. పెదవి మంటకి అదమలేక, ఊరికే ఊపిరి వదులుతూ కింది స్థాయిలో మెల్లగా ఊదుకున్నాను. కాసేపటికి నావ ఒడ్డుకి తెచ్చిన ముసలాయన, "నడి ఏట్లోకి వినపడిందండి, ఎవరా అనుకున్నా" అన్నాడు. రాత్రంతా నేను అరిచిన అరుపు పందిరి దాటిందో లేదో!

పెదాల మూలలు బిగువుగా, మధ్యలో వదులుగా ఉంచు. మీ హార్న్ వాళ్ళకి మౌత్‌పీస్ మూడింట రెండొంతులు పై పెదవి మీదే ఉంటుందట, అందుకే ఆ పెదవిని నలపకు. నీకంటే ముందు తంత్రీవాద్యాలు మెల్లగా మొదలెడతాయి కదా, అప్పుడు చప్పుడు లేకుండా వెచ్చటి ఊపిరి హార్న్‌లోకి వదులుతూ ఉండు. ఏసీ హాల్లో ఇత్తడి చల్లబడితే శ్రుతి దిగుతుంది. మాకు మే నెల ఎండలో ఎక్కేది, క్లారినెట్ ఆయనతో రోజూ గొడవే.

రిహార్సల్ రికార్డింగ్ పంపు. బాగా వచ్చింది కాదు, ఆ చిట్లినదే.

మీ నాన్న