టోకియా నార టోపీల నేతపై ఈక్వడార్ సంస్కృతి శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

మీ దేశపు టోకియా (తాటిచెట్టును పోలిన ఒక మొక్క) నార టోపీల నేతను యునెస్కో 2012లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గౌరవం నేతగాళ్ల చేతికందే కూలిలోనూ కనిపించాలన్నదే నా విన్నపం.

కాడలను కోసి, పచ్చని పొట్టు నుంచి నారను వేరుచేసి, ఉడికించి, ఆరబెట్టి, గంధకంతో తెల్లబరచిన తరువాతే అల్లిక మొదలవుతుంది. టోపీ నడినెత్తిన ఆరంభమైన ఆ అల్లిక అంచు చేరేసరికి, నాణ్యతను బట్టి, ఒక రోజు మొదలు ఎనిమిది నెలల వరకూ పట్టవచ్చు. తీరప్రాంతంలోని పీలే గ్రామవాసులు అల్లే అతి సన్నని రకానికైతే వరుసకు ఇన్ని అల్లికలన్న కచ్చితమైన లెక్కతో పాటు తగిన వాతావరణం కూడా కావాలి. గాలిలో తేమ తగ్గితే పోగు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. ఇటువంటి పనికి యంత్రపు వేగాన్ని కొలబద్దగా పెట్టి ధర కట్టడం (ఏ చేతిపనికైనా అంతే అనుకోండి) అన్యాయం.

కనుక పట్టిన కాలాన్ని బట్టి కనీస కూలిని నిర్ణయించాలనీ, టోపీ లోపలి పట్టీపై అల్లినవారి పేరు, ఊరు ఉండేలా చూడాలనీ, ఇంటి పెద్దలను చూసి ఈ విద్య నేర్చుకుంటున్న యువతకు శిక్షణకాలంలో భృతి ఇవ్వాలనీ కోరుతున్నాను. ప్రదర్శనలకు నిధులు తగ్గినా ఈ భృతిని మాత్రం ఆపవద్దని మనవి.

ఇట్లు,
ఒక హస్తకళాభిమాని