ఘంటసాల గొంతు వినగానే 'ఎవరు పోయారు?' అంటున్నారు

సంపాదకుల వారికి నమస్కారం.

మాది గజపతినగరం. మైక్ సెట్లు అద్దెకిచ్చే పని. 1983లో నాన్న మొదలుపెట్టాడు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. తెల్లారకముందే ఫోన్ మోగితే అది పెళ్లి బేరం కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అవతలివాళ్లు పోయినవారి పేరు, వీధి చెప్పి 'భగవద్గీత పెట్టేయండి' అంటారు. ఎవరు పాడిందని నేనడగను, వాళ్లూ చెప్పరు. మన దగ్గర గీత అంటే ఘంటసాల గారిదే.

పోయినేడు గీతా జయంతికి రామమందిరంలో పొద్దున్నే అదే రికార్డు పెట్టాను. రెండు శ్లోకాలు అయ్యాయో లేదో, ఎదురింటావిడ చేతిలో చీపురుతోనే వీధిలోకి వచ్చి 'ఎవరు పోయారు?' అని కంగారుగా అడిగింది. నా దగ్గర పనిచేసే కుర్రాడికి 19 ఏళ్లు. ఆ రోజే వాడు 'బాబాయ్, ఈయన సినిమా పాటలు కూడా పాడారా?' అన్నాడు. ఆ రెండు మాటలూ మనసులోంచి పోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

గీత మీద నాకు భక్తి ఉంది. సంస్కృతం రాని లక్షల ఇళ్లలోకి దాన్ని తీసుకెళ్లింది ఆ గొంతే. అయినా వేలసార్లు విన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఘంటసాల గారి పాట అన్నిటికంటే తక్కువగా వినబడేది అందులోనే. 700 శ్లోకాల్లో నూరు పైచిలుకు ఏరి పాడారు. ఒక శ్లోకం, దాని తాత్పర్యం వచనంలో, మళ్లీ ఇంకో శ్లోకం. రాగాలు మారుతుంటాయి గానీ ఏ రాగానికీ కాళ్లు చాపుకునే చోటు లేదు. వినేవాడికి అర్థం అందాలని ఆయన కావాలనే సంగతులు, అంటే పాటలో వేసే మెలికలు, తగ్గించుకున్నారని నాకనిపిస్తుంది. పైగా ఒంట్లో బాగోని చివరి కాలంలో పాడింది. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు, 51 ఏళ్లకే. ఊపిరి కూడదీసుకుని పాడుతున్న మనిషి ఆ రికార్డులో నాకు వినిపిస్తాడు.

శ్లోకంలాగే పద్యమూ నాలుగు పాదాలే కదా అంటారేమో. 'పుష్పవిలాపం' విని చెప్పండి. కరుణశ్రీ గారి పద్యాలు. నాన్న కొత్త ఆంప్లిఫయర్ ఏది కొన్నా ముందు ఆ రికార్డే పెట్టి చూసేవాడు. 'మా ప్రాణము తీతువా' అని పువ్వులు అడిగే చోట గొంతు పగిలినట్టు వినబడితే సెట్టు వెనక్కి ఇచ్చేసేవాడు. నాటకాల్లో పద్యమంటే చివర రాగం ఎంతసేపు తీస్తే అంత గొప్ప, దానికే వన్స్‌మోర్లు. ఘంటసాల గారు ఆ సాగదీత తీసేశారు. మాట ఎక్కడ విరవాలో అక్కడే విరిచి, బాధనంతా ఆ విరుపులో పెట్టారు. ఆయన తరవాత తెలుగువాడు పద్యం పాడే తీరే మారిపోయింది. 1961లో వచ్చిన 'శివశంకరీ' గురించి నేను చెప్పక్కర్లేదు, దర్బారీ కానడ అనే రాగం పేరు నాబోటివాళ్లకి తెలిసింది దానివల్లే. 1967 నాటి 'రహస్యం' సినిమా ఆడలేదు గానీ అందులో ఆయన బాణీ కట్టిన 'గిరిజా కల్యాణం' యక్షగానం వింటే సంగీత దర్శకుడిగా ఆయన ఎంతటివారో తెలుస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కరూ దాన్ని పెట్టమని నన్నడగలేదు.

ఈ సంగతి మా జిల్లావాళ్లకి మరీ పట్టాలి. కృష్ణా జిల్లా నుంచి చదువుకోసం విజయనగరం వచ్చి, సాలూరు చిన్న గురువుగారు పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకుంటూ, జోలె పట్టి మధూకరం ఎత్తుకుని తిన్నారాయన. మా ఊళ్ల అన్నం తిన్న గొంతు అది. దాన్ని ఇవాళ వైకుంఠ రథం మీద తప్ప ఎక్కడా వినం.

2011లో నాన్న పోయినప్పుడు ఆయనకిష్టమైన పుష్పవిలాపమే పెట్టబోయాను. పెద్దవాళ్లు కసిరారు, 'ఇలాంటప్పుడు పాటలేమిట్రా, గీత పెట్టు' అని. పెట్టాను. 'పుట్టినవానికి మరణము తప్పదు' అని వినబడుతుంటే నాన్న గుర్తుకు రాలేదు, అంతకుముందు నేను మైకు కట్టిన ఇళ్లన్నీ గుర్తుకొచ్చాయి. పదకొండో రోజు భోజనాలయ్యాక ఎవరినీ అడక్కుండా పుష్పవిలాపం పెట్టాను. లేచి వెళ్లబోతున్న ముసలివాళ్లు నలుగురు మళ్లీ కూర్చున్నారు.

ఏటా ఆయన జయంతికీ వర్ధంతికీ పత్రికలు ఫొటో వేసి 'అమర గాయకుడు' అని రాస్తాయి. ఈసారి మీరు ఒక్క పద్యం తీసుకుని, ఏ రాగంలో ఉంది, ఏ మాట దగ్గర గొంతు ఏం చేస్తుంది, ఇవి సంగీతం తెలిసినవారిచేత రాయించండి. రేడియోవాళ్లు ఆ రెండు రోజులైనా గీత పక్కనపెట్టి పద్యాలు వెయ్యాలి.

నా వంతు నేను చేస్తాను. ఆయన జయంతి, డిసెంబరు 4 సాయంత్రం మా దుకాణం ముందు రెండు బాక్సులు పెడతాను, పక్కవాళ్లకి ఇబ్బంది లేనంత సౌండులో. ముందు పుష్పవిలాపం, తరవాత గిరిజా కల్యాణం. కుర్చీలు మావే.

— ఒక మైక్ సెట్ యజమాని, గజపతినగరం, విజయనగరం జిల్లా