వెండి పూత

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తిట్టుకుంటూ ఉంటావు. ఏం చెయ్యను, శని ఆదివారాలన్నీ విమానానికే పోతున్నాయి. నవ్వకు, నిజం విమానమే! మా పక్కింటి అమెరికన్ పెద్దాయన దగ్గర 1946 నాటి పైపర్ కబ్ ఉంది. 65 హార్స్‌పవర్ ఇంజిను, ఇద్దరే పడతారు. దాని రెక్కల మీద ఉండేది రేకు కాదురా, గుడ్డ. పాతది చీకిపోతే విప్పేసి పాలిస్టర్ గుడ్డ వేస్తున్నాం.

ముందు జిగురుతో అంటించి ఇస్త్రీ చెయ్యాలి. వేడికి గుడ్డ ముడుచుకుని బిగుస్తుంది. కానీ 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందంటే మళ్లీ వదులైపోతుంది. అందుకే ఆయన ఇస్త్రీ పెట్టె మీది అంకెల్ని నమ్మడు, థర్మామీటర్ పెట్టి చూస్తాడు. చివరికి వేలితో కొడితే డోలులా మోగింది! తర్వాత కుట్టు పని. దాని గురించి అడక్కు, వేళ్లు ఇంకా మంట.

అసలు తంటా పూతల దగ్గరే. మొదటిది గులాబీ రంగుది, బ్రష్‌తో వెయ్యాలి. పోగులు బాగా తడవాలి గానీ అవతలికి కారకూడదు. నేనేమో గోడకి సున్నం కొట్టినట్టు కొట్టేశా. రెక్క మొదట్లోంచి టార్చి వేసి చూస్తే కింది గుడ్డ మీద చుక్కలు, చారలు! పెద్దాయన ఒక్క మాట అనలేదు. బ్రష్ తీసుకుని డబ్బా అంచుకి రెండుసార్లు రుద్ది మళ్లీ నా చేతికిచ్చాడు. దానికంటే తిట్టినా బాగుండేది.

పూర్వం నూలుగుడ్డకి డోప్ అనే వార్నిష్ లాంటి పూత పూసేవాళ్లట. పంచెకి గంజి పెట్టినట్టు అదే గుడ్డని బిగించేది. అందులో నైట్రోసెల్యులోజ్‌తో చేసిన నైట్రేట్ డోప్‌కి నిప్పు తగిలితే భగ్గుమనేదే. గోళ్ల రంగులో ఉండేదీ ఆ నైట్రోసెల్యులోజే, మా చెల్లెమ్మకి చెప్పకు.

గులాబీ మీద వెండి పూత. అందులో అల్యూమినియం పొడి ఉంటుంది, ఎండకి పాలిస్టర్ చివికిపోకుండా అదే కాపాడేది. పైన రంగు పడ్డాక అదసలు కనపడదు, అయినా ఆయన పట్టింపంతా దాని మీదే. మొన్న రాత్రి లైట్లార్పి రెక్క లోపల బల్బు పెట్టాం. వెలుతురు బయటికి వచ్చిన చోటల్లా పూత పలచన అన్నమాట. కుట్టు పక్కన నేను స్ప్రే కొట్టిన చోట చుక్కలు చుక్కలుగా నక్షత్రాలే! మళ్లీ కొట్టాను.

ఇక పసుపు రంగు మిగిలింది. గాలిలో తేమ ఉంటే పూత తెల్లగా పాలిపోతుందని ఆయన డబ్బా మూత తియ్యనివ్వడం లేదు. ఇక్కడ మూడు రోజులుగా వాన. అందుకే నీకు ఉత్తరం రాసే తీరిక దొరికింది.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.



నీ
బావ